కాగితాలు కాల్చినవాళ్ల పండుగ

సెప్టెంబరు పదిహేడు దగ్గరపడిందంటే మా యాదగిరిగుట్టలో ఫ్లెక్సీలకు కరువుండదు. బస్టాండు నుంచి కొండ కిందిదాకా కరెంటు స్తంభానికి ఒకటి వేలాడుతుంటుంది. ఒక పార్టీ విమోచన అంటుంది, ఇంకో పార్టీ విలీనం అంటుంది, ఎర్రజెండాల వాళ్లు సాయుధ పోరాట వారోత్సవాలు అంటారు, సర్కారు ఏటికో పేరు పెడుతుంది. స్వామి దర్శనానికి వచ్చిన భక్తులు ఇవేవో ఎమ్మెల్యే పుట్టినరోజు శుభాకాంక్షలనుకుని తలెత్తి చూడకుండానే కొండెక్కుతారు. పేర్ల పంచాయితీలోకి నేను పోను. నా కన్ను ఎప్పుడూ ఫొటో మీద పడుతుంది.

చాలా ఫ్లెక్సీల్లో అదే ఫొటో. నిజాం చేతులు జోడించి నిలబడ్డాడు, ఎదురుగా సర్దార్ పటేల్. కింద పెద్ద అక్షరాల్లో తేదీ, 17 సెప్టెంబరు 1948. ఆ ఫొటో బేగంపేట విమానాశ్రయంలో 1949 ఫిబ్రవరిలో తీసింది. అంటే, పోలీసు చర్య ముగిసిన ఐదు నెలలకు. పదిహేడో తారీఖున పటేల్ హైదరాబాద్‌లో లేడు. నిజాం ఎవరికీ ఎదురేగి దండం పెట్టలేదు. రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించాడు. ఆయన సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ భారత సైన్యపు మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయింది మరునాడు, పద్దెనిమిదిన. రేడియో మాటకు ఫొటో ఉండదు గనుక, పండుగకు ఫిబ్రవరి ఫొటోను అరువు తెచ్చుకున్నాం. ఇప్పుడదే పాఠం. మా బడి పిల్లలను అడిగితే పటేల్ విమానంలో దిగి నిజాం చేత దండం పెట్టించుకున్న రోజే పదిహేడు అని చెబుతారు.

ఇది ఫ్లెక్సీ ప్రింటింగు వాడి తప్పని నేననను. వేడుక జరిపేవాళ్లకు బొమ్మ కావాలి, జెండా కావాలి, వేదిక కావాలి. అసలు రోజు ఎట్లా గడిచిందన్నది వాళ్లకు అంత అవసరం పడదు. ఊళ్లోనైనా పట్నంలోనైనా అంతే.

పట్నం సంగతికొస్తే, 2022 సెప్టెంబరు 17న ఒకే పొద్దున హైదరాబాద్‌లో రెండు పండుగలు జరిగాయి. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో కేంద్రం తరఫున హోంమంత్రి అమిత్ షా జెండా ఎగరేశారు, హైదరాబాద్ విమోచన దినమని. పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్రం తరఫున ముఖ్యమంత్రి కేసీఆర్ ఎగరేశారు, జాతీయ సమైక్యతా దినోత్సవమని. డెబ్బై అయిదో ఏడు మొదలైందని ఇద్దరూ అన్నారు. రెండు మైదానాల నడుమ ఆటోలో పోతే పెద్ద దూరం లేదు. 2023లో రాష్ట్రంలో సర్కారు మారింది, 2024లో అదే తారీఖు ప్రజాపాలన దినోత్సవమైంది. పక్క రాష్ట్రాల్లో ఇంత తకరారు లేదు. మరాఠ్వాడాలో ముక్తిసంగ్రామ దినం చాలా ఏళ్లుగా సర్కారే జరుపుతోంది, కలబురగి వైపు కూడా జరుపుతున్నారు. నిజాం గద్దె ఉన్న ఊళ్లోనే ఎవరి జెండా కర్ర వాళ్లది.

ఇంకో వందేళ్లకు ఎవరో పరిశోధకుడు ఈ రెండు పండుగల ఫైళ్లు తెరుస్తాడనుకోండి. ఏం దొరుకుతుంది? ఇట్లాంటి ఫైళ్ల గుణం ఎక్కడైనా ఒకటే. షామియానాలు, బారికేడ్లు, తాగునీళ్ల ట్యాంకర్లు, ట్రాఫిక్ మళ్లింపు, మొదటి వరసలో ఎవరు, రెండో వరసలో ఎవరు, ఏ జిల్లా నుంచి ఎన్ని బస్సులు, ఏ బిల్లు ఏ పద్దు కింద. నిజం చెప్పాలంటే నాకు ఉపన్యాసాల కన్నా ఈ బిల్లుల మీదే నమ్మకం. ఉపన్యాసంలో అందరూ త్యాగధనులే. మొదటి వరస కుర్చీల జాబితా చూస్తే ఆ ఏడు ఆ రోజు ఎవరిదో తెలిసిపోతుంది.

రాష్ట్ర పండుగకు దొరికిన చోటు కూడా చూడండి. పబ్లిక్ గార్డెన్స్ అంటే పాత బాగె ఆమ్. అందులోనే జూబ్లీ హాలుంది. మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడికి పాతికేళ్లు నిండాయని 1937లో చేసిన రజతోత్సవాల గుర్తు అది. రాచవేడుక అట్లా ఉంటుంది. కట్టడం మిగులుతుంది, జూబ్లీ పేరుతో ఓ కొండ మిగులుతుంది, అచ్చయిన సంచికలు మిగులుతాయి. ఆ రాజ్యం పోయిందని చేసుకునే పండుగ ఆ రాజ్యపు పండుగ హాలు నీడలో జరుగుతుంటే ఎవరికీ చిత్రంగా అనిపించదు. నాకూ మొదట అనిపించలేదు.

అసలు ఆ సెప్టెంబరు పదిహేడును పాత కాగితాల్లో పట్టుకోవడమే ఒక పని. నిజాం సర్కారు దస్త్రాలు ఇంగ్లీషు తారీఖుతో నడవలేదు. ఫస్లీ సంవత్సరం అక్టోబరులో ఆజుర్ నెలతో మొదలై సెప్టెంబరులో ఆబాన్‌తో ముగిసేది. మనం 1948 సెప్టెంబరు అనే నెల ఆ కాగితాల్లో 1357 ఫస్లీ, ఆబాన్. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల నాటి ఫర్మానాల దగ్గర్నుంచి ఆసఫ్‌జాహీల ఆఖరి రోజులదాకా కాగితాలున్నాయి. చాలావరకు ఫార్సీ, ఉర్దూ. అందులోనూ చేతిరాతవి షికస్తా లిపిలో, అక్షరం అక్షరాన్ని మింగేసినట్టుంటాయి. మా నాన్న తరంలో ఉర్దూ మీడియం చదివినవాళ్లు వాటిని పేపరు చదివినంత సులువుగా చదివేవారు. మా తరానికి సగం వచ్చు, మా పిల్లలకు అసలు రాదు. తాత ముత్తాతల అరెస్టు వారంటు చేతికిచ్చినా అది పెళ్లి పత్రికో వారంటో తెలుసుకోలేని స్థితిలో ఉన్నాం.

పంచాంగం లెక్క కూడా చెప్పనివ్వండి, నేను గుట్ట వాణ్ణి గనుక. ఆ రోజు శుక్రవారం. సర్వధారి నామ సంవత్సరం, భాద్రపద శుద్ధ చతుర్దశి, అనంత చతుర్దశి. ఇంకో పదిహేను రోజులకు ఎంగిలిపూల బతుకమ్మ. ఊళ్లలో ముసలమ్మలు తారీఖు చెప్పరు, ఆ ఏడు బతుకమ్మ ముంగట తురకల రాజ్యం పోయిందనో రజాకార్లు పోయిండ్రనో చెబుతారు. ఎవరు ఏ మాట అంటారో దాన్నిబట్టి వాళ్లింట్లో ఏం జరిగిందో కొంత ఊహించవచ్చు.

పంద్రాగస్టు కూడా మాకు దేశంతోపాటు రాలేదు. 1947 ఆగస్టు 15న హైదరాబాద్ సంస్థానంలో మూడు రంగుల జెండా నేరం. ఆ రోజే స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థను అరెస్టు చేశారు. అదే ఏడు సెప్టెంబరు 2న పరకాలలో జెండా ఎగరేయబోయిన జనం మీద తుపాకులు పేలాయి. 1948 పంద్రాగస్టు నాటికి రజాకార్ల జోరు. కాబట్టి హైదరాబాద్‌లో పంద్రాగస్టు బాహాటంగా జరిగింది మొదటిసారి 1949లో, చౌధురి మిలిటరీ గవర్నరుగా ఉండగా. ఆరు నెలలు నిండకుండానే, 1950 జనవరి 26న, అదే నిజాం రాజప్రముఖ్‌గా ప్రమాణం చేశాడు. అంటే మా తొలి గణతంత్ర దినోత్సవానికి పెద్ద దిక్కు ఆయనే. ఈ ముక్క ఏ ఫ్లెక్సీ మీదా కనిపించదు.

దీన్నిబట్టి ఒకటి అర్థమవుతుంది. ఈ పట్నంలో మొదటి పంద్రాగస్టు వేడుకల ఫైల్లో లేదు, పోలీసు ఫైల్లో ఉంది. జెండా పట్టుకున్నవాడి పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, ఏ దఫా కింద ఎన్ని నెలలు. పట్టుకున్న చేతికి బేడీ పడితేనే రికార్డు. జెండా కట్టి తప్పించుకున్నవాడికి రికార్డు లేదు.

మా వైపు తప్పించుకున్నవాళ్లే ఎక్కువ. భువనగిరి మాకు కూతవేటు. 1944లో అక్కడ జరిగిన పదకొండో ఆంధ్ర మహాసభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. ఆయనది బొల్లేపల్లి. మితవాదులు విడిపోయిందీ, ఊళ్లలో జనం మహాసభను సంఘం అని పిలవడం బలపడిందీ అప్పటినుంచే. ఆలేరు పక్క కొలనుపాక ఆరుట్ల రామచంద్రారెడ్డిది. ఆయన భార్య కమలాదేవి తుపాకీ పట్టి దళంలో తిరిగింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య చనిపోయాక నల్గొండ జిల్లా అంతా అంటుకుంది.

సంఘం ఊళ్లోకి వస్తే మొదట చేసే పని ఏమిటి? దొర గడీ ముందు, లేకుంటే పట్వారీ ఇంటి ముందు, కాగితాలు కుప్పపోసి అంటించడం. అప్పు పత్రాలు, ప్రాంసరీ నోట్లు, ధాన్యపు అప్పుల నాగు లెక్కలు, శిస్తు లెక్కలు. స్టేట్ కాంగ్రెస్ వాళ్లూ తమ దారిన తాము తాటిచెట్లు నరికారు, సరిహద్దుల్లో సుంకం వసూలు చేసే కరోడ్‌గిరి నాకాలు తగలబెట్టారు. నాకాలో ఉండేదీ రసీదు పుస్తకాలే. ఏ బందూకు కంటే ఆ పట్వారీ కట్టకే జనం ఎక్కువ భయపడేవారు. వేలిముద్ర వేయించుకున్న కాగితం మూడు తరాల వెట్టికి సరిపోయేది. అక్షరం రానివాడికి ఆ కాగితంలో ఏముందో తెలియదు, అది ఉన్నంతకాలం తను బాకీ అని మాత్రం తెలుసు. కాల్చేయడం కంటే తేలిక లెక్క ఇంకోటి లేదు.

ఇప్పుడు 1972కు రండి. స్వాతంత్ర్యానికి పాతికేళ్లు. ఢిల్లీలో తామ్రపత్రాలు పంచారు. ఆ రజతోత్సవ సందర్భంగానే కేంద్రం స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకం తెచ్చింది. 1980లో నిబంధనలు కొంత సడలించి స్వతంత్రతా సైనిక్ సమ్మాన్ అని పేరు మార్చింది. ఉద్దేశం మంచిది, కాదనను. అర్హత ఏమిటంటే ఆరు నెలలు జైల్లో ఉండాలి, దానికి జైలు రికార్డు చూపాలి. జైలుకు పోకుండా అజ్ఞాతంలో ఉంటే, ప్రకటిత నేరస్తుడని సర్కారు చాటించిన ఉత్తర్వో, తల మీద ఇనాం పెట్టిన కాగితమో, వారంటో తేవాలి. సరిహద్దు క్యాంపుల్లో ఉన్నవాళ్ల కోసం తర్వాత వేరే దారి తీశారు, అదీ క్యాంపు ఇన్‌చార్జి సర్టిఫికెట్టు మీదే.

పండుగ మొదటిసారి ఊళ్లలోకి వచ్చి, కాగితాలు కాల్చినవాళ్ల ముందు నిలబడి, ఏదీ నీ కాగితం అని అడిగింది.

మా వాడకట్టులో ఒక పెద్దాయన ఉండేవాడు. పేరెందుకు, తాత అందాం. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఇంగ్లీషు చదివిపెట్టమని ఒక సాయంత్రం పిలిపించాడు. ఆకుపచ్చ రంగేసిన రేకు సందుగ. మూత తీస్తే నాఫ్తలీను వాసన. గొంగడి మడతల కింద పాలిథిన్ కవరు, అందులో దరఖాస్తు నకలు. మూలన పాస్‌పోర్టు సైజు ఫొటో, దాని మీద సగం ముఖానికి అడ్డంగా గెజిటెడ్ అధికారి ఆకుపచ్చ సిరా సంతకం. స్టాంపు కాగితాల మీద ప్రమాణ పత్రాలు. సర్పంచి ఉత్తరం. టైపు చేసిన గళ్లలో జైలు పేరు అన్నచోట నిల్. శిక్షాకాలం, నిల్. పోరాటంలో పాత్ర అన్నచోట మాత్రం టైపిస్టు గడి దాటి రాశాడు, దళానికి కబుర్లు మోశాడనీ, పట్వారీ దఫ్తరు కాల్చినవాళ్లలో ఉన్నాడనీ. ఆధారాలు అన్న గడి ఖాళీ. ఆ ఖాళీలో ఎవరో గుమాస్తా పెన్సిలుతో చిన్న ప్రశ్నార్థకం పెట్టాడు. దరఖాస్తు తిరిగొచ్చింది.

"జైలుకు పోకపోతే తప్పా సారూ?" అన్నాడు తాత. పోలీసులకు చిక్కకపోవడం ఆయన పని. దళం చీటీని గొంగడి అంచులో కుట్టుకుని తీసుకుపోయేవాడట. నాకా దగ్గర సోదా చేస్తే నమిలి మింగమని ముందే చెప్పారట. ఒకసారి మింగాడు కూడా.

"కాగితాలు కాలవెట్టినోన్ని పట్టుకొని కాగితం దెమ్మంటే యాడికెల్లి తెస్త? ఒకటి కాలవెడితిమి, ఒకటి మింగితిమి."

తిరిగొచ్చిన ఉత్తరంలో ఇంకో దారి కూడా సూచించారు. జైలు రికార్డు దొరకకపోతే, దొరకలేదని సంబంధిత అధికారి నుంచి సర్టిఫికెట్టు తేవచ్చు. నాన్ అవైలబిలిటీ ఆఫ్ రికార్డ్స్ సర్టిఫికెట్టు అని దానికి పేరు. అది తెచ్చాక, రికార్డున్న తోటి ఖైదీల చేత సాక్ష్యం రాయించాలి. కాగితం లేదనడానికి ఒక కాగితం. నేను చదివి తెలుగులో చెబితే తాత నవ్వాడు. జైలే లేనివానికి తోటి ఖైదీ ఎవరు?

గుమాస్తాను తిట్టి లాభం లేదు. బోగస్ దరఖాస్తులు కుప్పలుగా వచ్చిన మాట నిజం. పుట్టిన తేదీ చూస్తే పోరాటం నాటికి ఊయల్లో ఉన్నవాళ్లు కూడా యోధులయ్యారు. సర్కారు డబ్బు పంచేవాడు రుజువు అడగకుండా ఎట్లా ఉంటాడు? కానీ రుజువులిచ్చే పెత్తనం ఎవరి చేతికి పోయిందో చూడండి. నిజాం పోలీసు ఎవరి పేరు రాసుకుంటే వాడు దేశభక్తుడు. ఎంత తెలివిగా దాక్కుంటే అంత తక్కువ దేశభక్తుడు. ఓడిపోయిన సర్కారు రాసిన జాబితాను పట్టుకుని గెలిచిన సర్కారు సన్మానం చేస్తోంది. భూమి సంగతీ ఇంతే. మా దగ్గర పొలం తగాదా వస్తే ఈ రోజుకీ 1954-55 ఖాస్రా పహాణీ తెమ్మంటారు. అందులో ఎక్కినవాడిది భూమి. ఏ కులాలవాళ్ల చేతిలో కలముండెనో వాళ్ల పేర్లు ఎక్కాయి, నాగలున్నవాళ్లలో చాలామంది పేర్లు ఎక్కలేదు.

పండుగ అడగని కాగితాలు కొన్ని ఉన్నాయి, అవి మాత్రం భద్రంగా ఉన్నాయి. రజాకార్ల దాష్టీకం మనకు తెలుసు. చిట్యాల దగ్గర గుండ్రాంపల్లి, 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి. వాటిని స్మరించుకోవాలి, స్మరించుకుంటున్నాం. పోలీసు చర్య తర్వాత ఏం జరిగిందో చూసి రమ్మని ఢిల్లీ పండిట్ సుందర్‌లాల్‌నూ, ఖాజీ అబ్దుల్ గఫార్‌నూ పంపింది. 1948 నవంబరు చివరినుంచి డిసెంబరుదాకా వాళ్లు జిల్లాలు తిరిగారు. చనిపోయినవాళ్లు 27 వేలనుంచి 40 వేలదాకా ఉంటారని రాశారు. వాళ్లలో ఎక్కువమంది ముస్లింలు. ఆ నివేదికను అప్పుడు బయటపెట్టలేదు. ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో జనం చూసే వీలు కలిగేసరికి 2013 అయింది. అందులో ఒక సంగతి నన్ను పట్టుకుంది. కొన్నిచోట్ల హిందూ నేతకారులు తోటి ముస్లిం నేతకారులను కాపాడబోయి తామూ ప్రాణాలు పోగొట్టుకున్నారని. పోచంపల్లి మగ్గాల చప్పుడు వింటూ పెరిగిన జిల్లా మాది. ఆ నేతగాళ్లు ఏ ఊరివాళ్లయినా, వాళ్ల పేరున ఒక పూట జెండా ఎగరేస్తే నేను ముందు వరసలో నిలబడతాను.

సెప్టెంబరు పదిహేడుతో తుపాకులు ఆగలేదు కూడా. రజాకార్ల మీదికి వచ్చిన సైన్యమే తర్వాత దళాల మీదికి తిరిగింది. సాయుధ పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబరు 21న. తాత ఆ మూడేళ్ల గురించి అడిగితే చుట్ట ఆర్పేసి వేరే మాట ఎత్తేవాడు. విమోచన వేదిక మీదా ఆ మూడేళ్లు ఉండవు. సాయుధ పోరాట వేదిక మీద ముస్లిం ఇళ్ల సంగతి పెద్దగా ఉండదు. ఎవరి పండుగకు సరిపడే కాగితం వాళ్లు తీసుకుంటారు. నాకు పండుగ మీద కోపం లేదు. ఏటా ఒక రోజు జనం రాజ్యం పోవడాన్ని తలుచుకోవాలి, జెండా కింద నిలబడాలి. అయితే ఆ రోజు మైకులు కట్టించే ఖర్చులో పావు వంతు పెట్టి, ఆ షికస్తా కాగితాలు చదవగలిగే పిల్లలను ఒక పది మందిని తయారు చేయమంటాను. ఇప్పుడు చదవగలిగేవాళ్లు చాలామంది డెబ్బై దాటినవాళ్లు.

పోతే ఈ ఫ్లెక్సీలు. కరపత్రాలు, ఆహ్వాన పత్రికలు పాత రోజుల్లో ఏ గ్రంథాలయంలోనో చేరేవి. సుల్తాన్‌బజారులో ఉన్న, 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం లాంటి చోట్ల అట్లా నిలిచినవి ఉన్నాయి. ఫ్లెక్సీకి ఆ యోగం లేదు. మా వీధి చివర మేకల కొట్టం కప్పు మీద 2022 నాటిది ఒకటి తిరగేసి పరిచి ఉంది. వాన వెనక్కి కొడితే నిజాం జోడించిన చేతులు కనిపిస్తాయి, తల ఉండాల్సినచోట మేకు దిగింది. ఆ కొట్టం యజమానికి అది ఏ పార్టీదో పట్టదు. ప్లాస్టిక్ మందంగా ఉందా లేదా అంతే.

తాతకు పింఛను రాలేదు. తామ్రపత్రమూ రాలేదు. ఒక్కసారి మాత్రం ఆయన లెక్కలోకి వచ్చాడు, 1952 ఎన్నికల్లో. అప్పుడు ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. చీటీ తీసుకుపోయి నచ్చిన గుర్తున్న పెట్టెలో వేయాలి. ఆలేరునుంచి శాసనసభకు ఆరుట్ల కమలాదేవి గెలిచింది. నల్గొండనుంచి లోక్‌సభకు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ తరఫున నిలబడ్డ రావి నారాయణరెడ్డికి 3 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి, నెహ్రూకు వచ్చినవాటికంటే ఎక్కువ. పట్వారీ దఫ్తర్లు కాల్చిన ఊళ్లు, చీటీలు మింగిన ఊళ్లు వేసిన ఓట్లవి. ఎవరినీ జైలు సర్టిఫికెట్టు అడగలేదు. ఆ చీటీలూ ఇప్పుడు లేవు. లెక్క అయ్యాక కొంతకాలం దాచి నాశనం చేయడం నిబంధన. అంకె మాత్రం ఎన్నికల కమిషన్ నివేదికలో ఉంది, ఎవరైనా తీసి చూసుకోవచ్చు.